ఎక్కేవాడి చేతిలో తాడు

సిరొంచ,
సెప్టెంబరు, ఆదివారం

ఫర్హీన్‌కు,

నువ్వు అడిగావు కాబట్టి ఉర్దూ వదిలి తెలుగులోనే రాస్తున్నాను. నీ గదిలో ఉండే త్రివేణి దగ్గర నీకు తెలుగు నిఘంటువు దొరికితే శిక్ష నాకెందుకు పడాలో అర్థం కాలేదు. మీ ఫోన్లన్నీ పెట్టెలో వేసి తాళం బిగించిన వార్డెన్ సుశీలాబాయికి మాత్రం నా సలాం చెప్పు. రోజంతా టపటపా రాలే నీ ఉపదేశాలు ఇప్పుడు పోస్టులో నింపాదిగా వస్తున్నాయి.

నేను సైన్యంలో భర్తీకి గట్టిగా తయారవుతున్నాను. గ్రౌండులో ఇనుప పైపుకు వేలాడి, కాలు నేలకు ఆనించకుండా పదిహేను పుల్‌అప్‌లు తీస్తున్నాను. నా దోస్తు అరుణ్‌కుమార్ పదికే పండుమిరపకాయలా అయిపోయి, "నువ్వు మనిషివా, జేసీబీవా రా?" అన్నాడు. నువ్వు పన్నెండో తరగతి సైన్సు చదివి బలం గురించి పేజీలు నింపుతావు. ఆ పైపుకు నిన్ను వేలాడదీస్తే తడిబట్టలా వేలాడుతూనే ఉంటావు. బలం ఉన్నవాడు బలం చూపిస్తాడు, లేనివాళ్లు దాని గురించి చదువుతారు.

ఇంటి సంగతి. పోశం మామ రైస్ మిల్లు గోడకు కొత్త సున్నం వేసి, పైన పేరు రాసే పని అబ్బాకు వచ్చింది. గోడ కిందంతా మిల్లు నీళ్లు పోయే నాలా, నిచ్చెన కాళ్లకు చోటు లేదు. అందుకని ఎప్పటిలాగే పైన దూలానికి గిలక కట్టి, పీట మీద కూర్చుని, తన తాడు తనే లాక్కుంటూ ఎక్కుతానన్నాడు. ఆయన కుడి భుజం ఇప్పుడు చెవి దాకా కూడా లేవడం లేదు. అమ్మీ రోజూ ఆవనూనె రాస్తోంది.

అన్నం దగ్గర అడిగాను. "అబ్బా, గీసారి కింద నిలబడి తాడు నేను గుంజుత."

"వద్దు బేటా. ఎక్కేటోని చేతిలనే తాడుండాలె. మీ దాదా చెప్పిండు. ఇంకోని చేతిల జాన్ పెట్టద్దు."

"నేను ఇంకోన్నా?"

ఆ మాటకు అమ్మీ చేతిలో గరిటె ఆగిపోయింది. అబ్బా లేచి ప్లేటు కడుక్కున్నాడు. తరువాత, "సరే తియ్. నువ్వే గుంజు," అన్నాడు. సాయంత్రానికి చాయ్ హోటల్లో అందరికీ చెప్పేశాడు. "మా షాదాబ్ గుంజుతడు, నేను నవాబు లెక్క కూసుంట."

పాతకాలపు మొండితనం ఒక్క మాటతో పోయింది. ఇది నీ పుస్తకాల్లో లేదు.

షాదాబ్


నాగేపల్లి, హాస్టల్
సెప్టెంబరు చివర

మహాబలుడు, సిరొంచ జేసీబీ షాదాబ్ భాయ్‌కి,

నిన్న నిఘంటువులో 'తృణీకారం' అనే మాట చదివాను. ఎదుటివాడిని గడ్డిపోచగా చూడటం అని అర్థం. ఇంత అందమైన మాట ఇన్నాళ్లూ తెలియకుండా నీతో ఎలా పోట్లాడానో! దాన్ని వాడడానికి మనిషిని వెతుక్కుంటుంటే నీ ఉత్తరం వచ్చింది.

ముందు నీ పుల్‌అప్‌ల సంగతి. నువ్వు పైపుకు కదలకుండా వేలాడినప్పుడు భూమి నిన్ను ఎంత బలంగా కిందికి లాగుతుందో, పైపు అంతే బలంగా నిన్ను పట్టి ఉంచుతుంది. నీ బరువు యాభై ఎనిమిది కిలోలైతే పైపు మీద భారం యాభై ఎనిమిదే. పైకి లేవడం మొదలుపెట్టినప్పుడు పైపు ఇంకొంచెం ఎక్కువ మోస్తుంది. ఆ కొసరే నిన్ను కదిలిస్తుంది. కిందికి ధబ్బున జారి మళ్లీ చేతులు బిగించినప్పుడు ఇంకా ఎక్కువ. నువ్వు కాళ్లు ఊపి, ఆ ఊపుతో గడ్డం పైకి తెస్తావని నాకు తెలుసు, రంజాన్ సెలవుల్లో చూశాను. అందులో సగం పని నీ కాళ్లది. భర్తీలో నిలబడే అధికారి గుడ్డివాడు కావాలని నమాజులో అడుగుతాను.

ఇక అబ్బా సంగతి. ఆయన పద్ధతిని మొండితనం అన్నావు. పీటకు కట్టిన తాడు గిలక మీదుగా తిరిగి ఆయన చేతికే వస్తుంది. అంటే ఆయనను మోసేవి రెండు పోగులు, ఒకటి పీట దగ్గర, ఒకటి చేతిలో. చెరి సగం. డెబ్బై రెండు కిలోల మనిషి ముప్పై ఆరు కిలోల బలంతో లాగి పైకి పోతాడు. నువ్వు నేల మీద నిలబడి లాగితే ఆ సౌకర్యం లేదు, మొత్తం డెబ్బై రెండూ నువ్వే లాగాలి.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు, మెల్లగా, పెదవులు కదుపుతూ అయినా సరే. కిందికి తాడు లాగేవాడు తన సొంత బరువును మించి లాగలేడు. ఎంత కండ ఉన్నా లాభం లేదు. నువ్వు యాభై ఎనిమిది, అబ్బా డెబ్బై రెండు. నువ్వు లాగితే అబ్బా పీట మీద నవాబులా కూర్చునే ఉంటాడు. పైకి పోయేది నువ్వు, బావిలో చేదలా, బజారంతా చూస్తుండగా.

ఈ ముక్క చదివి త్రివేణి మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. "మీ అన్నకు తోక గూడ ఉంటదానే?" అంది. ఉండదని చెప్పాను. ఖచ్చితంగా చెప్పలేకపోయాను.

అబ్బా భుజానికి వేడినీళ్ల కాపడం పెట్టమని అమ్మీకి చెప్పు.

నీ చెల్లెలు ఫర్హీన్


సిరొంచ,
అక్టోబరు

తోక లేని అన్న రాసేది,

నీ ఉత్తరం మొదటిసారి పనికొచ్చింది. ఒప్పుకుంటాను, నేనొక్కణ్ణే లాగితే నవ్వులపాలయ్యేవాణ్ణి. అందుకే అరుణ్‌కుమార్‌ను, వాళ్ల తమ్ముణ్ణి పిలిచాను. ముగ్గురం కలిసి లాగుతాం. ముగ్గురి బరువు ముందు అబ్బా ఎంత? సైన్సు నువ్వు చదివావు, వాడుకున్నది నేను. గోధుమలు విసిరేది గాడిదే, రొట్టె తినేది వేరేవాళ్లు.

నిన్న అబ్బాతో మిల్లుకు వెళ్లాను. గోడ నెత్తిన బయటికి పొడుచుకొచ్చిన టేకు దూలం ఉంది, పోశం మామ తాత కాలం నాటిది. ఒక పక్క చెదలు తిన్నది. అబ్బా ఎప్పుడూ చేసేదే చేశాడు. పైన కిటికీలోంచి వెళ్లి దానికి తాడు ఉయ్యాలలా కట్టి, అందులో కూర్చుని తనే వేలాడి, కాళ్లు ఆడించి చూశాడు. దూలం కిక్కురుమనలేదు.

"ఒక మనిషిని ఆపుతది," అన్నాడు. "ఎక్కేది గూడ ఒక మనిషే."

పోశం మామ కింద నుంచి, "కరీమ్, పడితె నా నాలా ఖరాబైతది, జర సూస్కో!" అని అరిచాడు. అబ్బా నవ్వాడు. ఈ మధ్య ఆయన ఇంతలా నవ్వడం నేను చూడలేదు. దారిలో కనిపించిన ప్రతివాడికీ "కొడుకు గుంజుతడు" అని చెబుతూనే ఉన్నాడు. నీ తృణీకారం నిఘంటువులో పెట్టి మూసెయ్యి. వచ్చే నెల మొదటి శుక్రవారం, నమాజు అయ్యాక పని మొదలు.

షాదాబ్


నాగేపల్లి, హాస్టల్
అక్టోబరు

షాదాబ్ భాయ్,

నువ్వు మూర్ఖుడివని నాకు ముందే తెలుసు. కానీ నా సహాయంతో ఇంత పెద్ద మూర్ఖుడివి అవుతావని అనుకోలేదు. ముగ్గురు లాగకూడదు. ఇద్దరు లాగకూడదు. నేల మీద నిలబడి ఎవరూ లాగకూడదు.

దూలం ఎంత మోస్తుందో నువ్వు ఆలోచించలేదు, అబ్బా కూడా ఆలోచించలేదు. తాడు ఆయన చేతిలోనే ఉంటే రెండు పోగుల్లోనూ సగం సగం, గిలకను కిందికి లాగేది మొత్తం డెబ్బై రెండు కిలోలు. ఆయన వేలాడి చూసింది కూడా అంతే. ఇంతవరకు సరే. కానీ మీరు కింద నుంచి లాగితే ఒక పక్క అబ్బా డెబ్బై రెండు, ఇంకో పక్క మీ లాగుడు డెబ్బై రెండు. గిలకకు రెండు పక్కలా పూర్తి బరువు. దూలం మీద నూట నలభై నాలుగు! ఎక్కే మనిషి ఒక్కడే, కానీ దూలానికి ఇద్దరు. మీరు హైసా హైసా అని గుంజుతారు, ప్రతి గుంజుకూ ఇంకొంత. చెదలు తిన్న కర్ర అది.

ఇది నా ఊహ కాదు. మా సర్‌ను అడిగి లాబ్ నుంచి స్ప్రింగు త్రాసు, చిన్న గిలక తెచ్చాను. త్రాసును కిటికీ చువ్వకు తగిలించి, దాని కింద గిలక కట్టి, దారంతో నీళ్ల లోటా వేలాడదీశాను.

"ఏందే, లోటాను ఉరి తీస్తున్నవా?" అంది త్రివేణి.

"ముల్లు చూసి చెప్పు. కిలో ఉందా?"

దారం రెండో కొస లోటా పిడికే కట్టాను, అబ్బా తన తాడు తను పట్టుకున్నట్టు. "కిలోనే ఉన్నది," అంది. తరువాత ఆ కొస విప్పి, నేను కింద నుంచి పట్టుకుని లోటాను ఆపాను. త్రివేణి నవ్వు ఆగిపోయింది. "రెండు జూపెడుతాందే! నీళ్లు గంతనే ఉన్నయి గద?" నేను ఒక్క కుదుపు ఇచ్చాను. ముల్లు రెండు దాటి ఎగిరింది. అదే నీ హైసా.

ఫోను కోసం సుశీలాబాయి గదికి వెళ్లాను. "ఎవలకన్న పాణం బాగలేదా?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఫోనెందుకు?" లోటా సంగతి చెబితే నన్నే దవాఖానకు పంపిస్తానంది. కాబట్టి ఈ కాగితమే దిక్కు. దీన్ని అబ్బాకు చదివి వినిపించు. ఆయనకు చదవడం రాదు, గోడ మీది పేర్లు కూడా బొమ్మల్లా చూసి దించుతాడు, నువ్వు చదవకపోతే ఆయనకు ఇది లేనట్టే. నీ గౌరవం కోసం గడ్డిపోచ అన్న ముక్కలు వదిలేసి చదువు, నాకేమీ బాధ లేదు. లెక్క మాత్రం వదలకు.

ఫర్హీన్


సిరొంచ,
అక్టోబరు చివర

ఫర్హీన్‌కు,

చదివాను, నాకోసం. అబ్బాకు చదవలేదు, చదవను.

ఎందుకో చెబుతాను. ఆయన జీవితమంతా తన తాడు ఇంకొకరికి ఇవ్వలేదు. నాకు ఇస్తానన్నాడు. ఇప్పుడు నువ్వు హాస్టల్లో లోటాను వేలాడదీసి, వద్దు అని రాస్తే, ఆయన వెంటనే వెనక్కి తీసుకుంటాడు. నీ మాటంటే ఆయనకు అంత గురి. నేను భర్తీలో ఒకసారి ఓడిపోయి వచ్చాను, నువ్వు క్లాసులో మొదటి వరుసలో కూర్చుంటావు. ఇంట్లో ఎవరు ఏమన్నా నీదే నిజం. ఈ ఒక్కటీ నాకు ఉండనివ్వు.

పైగా నీ లెక్క నవ్వొస్తోంది. అదే మనిషి, అదే తాడు, అదే దూలం. తాడు ఎవరి చేతిలో ఉందో కర్రకు ఎలా తెలుస్తుంది? దానికి కళ్లున్నాయా? అరుణ్‌కుమార్‌కు నీ నూట నలభై నాలుగు చెబితే, "నీ చెల్లె గట్లనే లెక్కలేస్తె మా బర్రె గూడ ఏనుగైతది," అన్నాడు. అబ్బా లోటా కాదు.

శుక్రవారం పని జరుగుతుంది. ఇక దీని గురించి రాయకు. రాసినా చదవను.

షాదాబ్


నాగేపల్లి, హాస్టల్
నవంబరు, బుధవారం

షాదాబ్ భాయ్,

దీన్ని త్రివేణి మామ తెస్తున్నాడు. ఆయన సిరొంచ బస్సు డ్రైవరు, నీ చేతికే ఇమ్మన్నాను. చదవనన్నావు, కానీ ఇందులో నీ మీద తిట్లే ఉన్నాయి, తిట్లు చదవకుండా ఉండడం నీ వల్ల కాదు.

లెక్క మానేశాను. నీకు లెక్క చెప్పడం నాలాకు నమాజు నేర్పడం లాంటిది. ఇంకో సంగతి చెబుతాను. మీ ముగ్గురి వల్ల ఇది అసలు కాదు. పైపుకు వేలాడే కండలు వేరు, పని చేసే కండలు వేరు. అబ్బా సగం దూరం లేచాక మీ అరచేతులు మండుతాయి, అరుణ్‌కుమార్ "నా చెయ్యి, నా చెయ్యి" అంటాడు, వాళ్ల తమ్ముడు ముందే వదిలేస్తాడు. బజారు ముందు అబ్బాను గాలిలో వేలాడదీసి మీరు ఆయాసపడతారు. ఆయన నవాబూ కాడు, మీరు నౌకర్లూ కారు. మూడు గడ్డిపోచలు పేనితే తాడు కాదు భాయ్.

కాదంటావా? అయితే పందెం. అబ్బా పీట మీద కూర్చోకముందు, మిల్లులో తూకానికి పెట్టి, సరిగ్గా ఆయనంత బరువుకు వడ్ల బస్తా కట్టించు. దాన్ని పీటకు కట్టి, అందరి ముందూ ముగ్గురూ లాగి గోడ నెత్తి దాకా తీసుకుపొండి. ఎవరూ దాని కింద నిలబడొద్దు, మీ చేతులు జారతాయి కాబట్టి. బస్తా పైకి చేరితే, నేను తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో ఒక్కో ఉత్తరం రాసి పంపిస్తాను, 'నేను గాడిదను, మా అన్న పహిల్వాన్' అని. చాయ్ హోటల్ గోడకు అంటించుకో. సైన్సు మానేసి ఆర్ట్స్ చేరిపోతాను.

బస్తాను కూడా లాగలేనివాడికి అబ్బాను లాగుతానని అనే హక్కు లేదు. పందానికి రాకపోతే నువ్వు భయపడ్డావని నాకే కాదు, ఈ హాస్టల్లో ఉన్న ఆడపిల్లలందరికీ తెలుస్తుంది. త్రివేణి అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది.

ఫర్హీన్


సిరొంచ,
నవంబరు

ఫర్హీన్‌కు,

నువ్వు సైన్సు మానాల్సిన అవసరం లేదు.

నీ ఉత్తరం గురువారం సాయంత్రం అందింది. కోపంతో చింపబోయి, ఆడపిల్లలు నవ్వుతున్నారన్న ముక్క దగ్గర ఆగిపోయాను. శుక్రవారం మిల్లు దగ్గర నిజంగానే బజారు బజారంతా వచ్చింది. అబ్బా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, సున్నం వేసే పనికి! నాలా మీది బండ పక్కన చెప్పులు విడిచి, పీట మీద కూర్చోబోతుంటే అన్నాను.

"అబ్బా, జర ఆగు. ముందు బస్తా గుంజుతం."

"బస్తా ఎందుకురా? నేను లేనా?"

"ఫర్హీన్ పందెం కట్టింది."

పోశం మామ గట్టిగా నవ్వాడు. "ఆడపిల్ల గడ్డి పెడితె గని మీకు రోషం రాదా? తేండ్రి బస్తా!"

తూకం వేసి, పీటకు కట్టి ముగ్గురం తాడు పట్టాం. అరుణ్‌కుమార్ "హైసా" అన్నాడు. బస్తా లేచింది. గుంజిన కొద్దీ లేస్తోంది. జనం ఈలలు వేస్తున్నారు. నీ గాడిద ఉత్తరాలు ఎక్కడ అంటించాలో కూడా అనుకున్నాను. బస్తా తలుపు ఎత్తు దాటింది. అప్పుడు పైన ఎండిన కట్టె చీల్చినట్టు ఒక చప్పుడు. తాడు మా చేతుల్లో ఒక్కసారిగా బరువు లేకుండా అయిపోయింది. ముగ్గురం వెల్లకిలా పడ్డాం.

లేచి చూసేసరికి దూలం ముక్క నాలాలో ఉంది. బస్తా బండ మీద పగిలి ఉంది. వడ్ల కుప్ప కింద నుంచి అబ్బా చెప్పు ఒకటి కొంచెం కనిపిస్తోంది.

అబ్బా వట్టి కాళ్లతో వచ్చి ఆ వడ్లను చూశాడు, పైకి చూశాడు, నన్ను చూశాడు.

"బస్తా కట్టుమన్నది ఫర్హీనా?"

"అవును."

"ఇంకేం రాసింది?"

అక్కడే, జనం అందరూ ఉండగా, నీ ఉత్తరం తీసి చదవమన్నాడు. గడ్డిపోచలు, నాలాకు నమాజు, అన్నీ చదివాను. జనంలో ఎవరో నవ్వితే అబ్బా కసిరాడు. ఇంటికి వచ్చాక ముందటి ఉత్తరాలు కూడా చదివించాడు. నూట నలభై నాలుగు దగ్గర ఆపించి, మళ్లీ చదవమన్నాడు. నేను దాన్ని ఆయనకు చదవకుండా దాచానని తెలిశాక కొడతాడనుకున్నాను. కొట్టలేదు. అమ్మీ కొట్టింది, ఆవనూనె చేతితోనే.

అబ్బా మాత్రం ఇలా అన్నాడు. "నా భుజం గంత ఖరాబేం గాలేదురా. ఎట్లనో ఎక్కుదును. నువ్వు గుంజుతాంటె ఊరు సూస్తదని ఒప్పుకున్న." అంతే. తరువాత లేచి దీపం కింద తన బ్రష్షులు కడగడం మొదలుపెట్టాడు, అవి కడిగే ఉన్నా.

నువ్వు నన్ను రెచ్చగొట్టడానికే అలా రాశావని బస్తా పడ్డాకే తెలిసింది. నీకు షుక్రియా చెప్పాలని అమ్మీ అంటోంది. చెప్పను. ముందే మర్యాదగా రాసి ఉంటే వినేవాణ్ణి. వినేవాణ్ణి కాదులే.

పోశం మామ ట్రాక్టరు షెడ్డు నుంచి ఇనుప గర్డరు తెప్పించి గోడలో బిగించాడు. రెండు బస్తాలు కట్టి చూశాం, కదల్లేదు. అయినా అబ్బాను పీట ఎక్కనివ్వలేదు నేను. నిన్న నేనే కూర్చున్నాను. నా తాడు నా చేతిలో. నీ లెక్క ప్రకారం ఇరవై తొమ్మిది కిలోలు, పుల్‌అప్‌లో సగం, పిల్లల ఆట అనుకున్నాను. ఓ పండితురాలా, నువ్వు ఒక ముక్క రాయలేదు! బలం సగమైతే తాడు రెట్టింపు. ఒక మూర పైకి పోవాలంటే రెండు మూరలు లాగాలి. గోడ సగానికి వచ్చేసరికి నా అరచేతులు ఎర్రబడ్డాయి, మోచేతులు వణికాయి. అబ్బా ఇన్నేళ్లు ఇదే చేశాడు, పైన మళ్లీ వంకర లేకుండా అక్షరాలు రాశాడు. నేను అక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాను.

కింద అరుణ్‌కుమార్ చూసి, "ఆగిండు, ఆగిండు! జర గుంజుదాం పా," అంటూ తాడు కొస పట్టబోయాడు. పై నుంచి చూశాను. అబ్బా చేయి కూడా తాడు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. తరువాత రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, అరుణ్‌కుమార్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

"ముట్టకు," అన్నాడు. "వాడే ఎక్కుతడు."

షాదాబ్